మొదటి ఆనపకాయ

మా ఇంట్లో గోడకు మేకు కొట్టాలన్నా శనివారం దాకా ఆగాలి. మా ఆయన నారాయణపట్న దగ్గర బడిలో టీచరు. వారమంతా అక్కడే గది తీసుకుని ఉంటారు. శనివారం సాయంత్రం బస్సులో రాయగడ వచ్చి, సోమవారం పొద్దున్నే మళ్లీ బస్సెక్కుతారు. ఆగడం నాకు చిన్నప్పటినుంచీ చేతకాదు. అందుకే మా ఇంట్లో సగం మేకులు నేను కొట్టినవే, సగం వంకర. ఆపిల్ పెట్టెలు విప్పి నేను చేసిన అలమర ఇప్పటికీ ఎడమవైపుకి ఒరిగి ఉంటుంది. ప్రార్థన కూటానికి వచ్చినవాళ్లు దాన్ని తల కాస్త వంచి చూస్తారు, మర్యాదకి ఏమీ అనరు.

పెళ్లయిన కొత్తలో కొరాపుట్‌లో ఉండేవాళ్లం. మేడ మీద రెండు గదులు. చలికి తట్టుకోలేక ఎండ కోసం డాబా మీదకి పరుగెత్తడమే తప్ప, మొక్క వేసుకుందామంటే గుప్పెడు మట్టి లేదు. మట్టి కోసం నేను అంతగా అలమటించడానికి కారణం ఒక చిన్న గాజు సీసా. పెళ్లిలో అమ్మ ఇచ్చిన గిన్నెల మధ్య, బైబిలు పక్కన, చీర ముక్కలో చుట్టి పెట్టింది దాన్ని. అందులో బూడిద, బూడిదలో ఆనప గింజలు.

మాది శ్రీకాకుళం అవతల, సముద్రపు గాలి తగిలే ఊరు. మా పెరట్లో ఆనపకాయ అందరి ఇళ్లలోలా పొడుగ్గా కాసేది కాదు. గుండ్రంగా, చిన్న బిందెలా ఉండేది. ఆ విత్తనం అమ్మకి వాళ్లమ్మ ఇచ్చిందట, ఆవిడకి వాళ్లత్తగారు ఇచ్చారట. ఏటా మొదటి కాయని కోయకుండా పాదు మీదే ఎండబెట్టి, గింజలు తీసి బూడిదలో దాచేది అమ్మ. రెండో కాయ చర్చికి. ఆ తరవాతే మాకు కూర.

"మట్టి దొరికినాకే ఎయ్యమ్మి," అంది సీసా ఇస్తూ. "నీ తొందర నాకు తెలుసు గదా. కుండీలో పెట్టి సంపేత్తావు."

ఆ మరుసటి వానాకాలంలోనే అమ్మ పోయింది. నాన్న అంతకుముందే లేరు. అన్నయ్య ఇల్లు అమ్మేసి ఉద్యోగం ఉన్నచోట చిన్న ఫ్లాటు కొనుక్కున్నాడు. వాడి మీద నాకేమీ కోపం లేదు. కానీ కొన్నవాళ్లు పెరడంతా సిమెంటు చేసేశారని విన్నరోజు అన్నం సయించలేదు. ఇక అమ్మ పాదు అంటూ భూమ్మీద ఉంటే అది నా సీసాలోనే ఉంది.

రాయగడకి ఇల్లు మారినప్పుడు ముందు చూసింది వంటిల్లు కాదు, పెరడు. ఇల్లుగలావిడ ఒక కోమటి మామ్మ. భర్త పోయాక కొట్టు కొడుకులకి వదిలేసి, పగలంతా అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లని పలకరిస్తూ ఉంటుంది. "కిరస్తానం పిల్లవి, నా తులసి కోట జోలికి రాకపోతే పెరడంతా నీదే," అంది. "మామ్మా, నాకు ఆ మూల చాలు," అన్నాను. మాకిద్దరికీ అంతటితో స్నేహం కుదిరింది.

మొదటి వానకి గింజలన్నీ పాతాను. పాతవైపోయాయేమో, ఒక్కటే మొలిచింది. ఆ ఒక్క మొలకని నేను చూసుకున్నట్టు కన్నబిడ్డని కూడా ఎవరూ చూసుకోరని మామ్మ వెక్కిరించేది. శనివారం సంతలో, కొండల మీంచి దిగివచ్చే దేశియా ఆడవాళ్ల దగ్గర వెదురు కర్రలు కొన్నాను. మా ఆయన పందిరి కట్టారు. పుస్తకాలు తప్ప ఏమీ పట్టని చెయ్యి, సుత్తితో బొటనవేలు చితక్కొట్టుకున్నారు. అయినా ఆ పందిరి మాత్రం నా అలమరలా ఒరగలేదు. అది చూసి నాకు కొంచెం కుళ్లు కూడా కలిగింది.

ఆనప పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. ఆ వేళకి మా పెరట్లో తేనెటీగలు ఉండేవి కావు. ఆడపువ్వు కింద చిటికెనవేలంత పిందె ముందే ఉంటుంది. మగపువ్వు తుంచి దాని పుప్పొడి ఆడపువ్వుకి తాకించాలి, లేకపోతే పిందె పసుపుపచ్చగా మారి రాలిపోతుంది. అమ్మ చేస్తుంటే చూసినదే. దీపాలు పెట్టేవేళ ఆ తెల్లపూల కింద నిలబడితే అమ్మ మీద బెంగ వచ్చేది. ఫోనులో అడగడానికి లేదు. "ఇలాగేనా అమ్మా?" అని గాలినే అడిగేదాన్ని. ఒక ఆనపకాయ కోసం దేవుణ్ణి విసిగించవచ్చా అని అనుమానం వచ్చింది గానీ, నేను మాత్రం విసిగించాను. పెద్దపెద్ద సంగతులకి ఎప్పుడూ మోకరించనంతగా దానికోసం మోకరించాను.

వానలకి పిందెలన్నీ రాలి, ఒక్కటి నిలిచింది. గుండ్రంగా. రోజూ పొద్దున్నే దాని కింద అరచెయ్యి పెట్టి బరువు చూసేదాన్ని. పాత చీర ముక్కతో ఉట్టిలా కట్టి పందిరికి వేలాడదీశాను. మా ఆయనకి అది మా అమ్మ విత్తనమని చెప్పాను. కాయని ఎండిపోయేదాకా ఉంచాలని మాత్రం చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. మా ఇంట్లో పుట్టినవాళ్లెవరికీ ఆ మాట చెప్పనక్కర్లేదు, అందరికీ తెలుసు. ఆయన మా ఇంట్లో పుట్టలేదన్న సంగతి నేను మరిచిపోయాను.

చలి మొదలయ్యే రోజుల్లో మా చర్చిలో కోతపండుగ చేస్తారు. ఒక పాట ఒడియాలో, ఒక పాట తెలుగులో. ఎవరి పెరట్లో, ఎవరి పొలంలో ఏది ముందు పండితే అది తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. వరి కంకులు, చోడి వెన్నులు, గుమ్మడికాయలు, కోడిపుంజులు. ఆరాధన అయ్యాక వాటిని అక్కడే వేలం వేస్తారు, వచ్చింది చర్చి పనులకి. ఇచ్చినవాళ్లు తమ వస్తువుని తామే పాడుకోకూడదు. అలా అని ఎక్కడా రాసిలేదు గానీ, దేవుడికి ఇచ్చింది మళ్లీ లాక్కున్నట్టవుతుందని ఎవరూ ఆ పని చెయ్యరు.

ఆ ఆదివారం పొద్దున్న నేను తలస్నానం చేసి వచ్చేసరికి మా ఆయన వరండాలో తెల్లచొక్కా వేసుకుని, బుట్ట చేత్తో పట్టుకుని నిలబడ్డారు. బుట్టలో ఆనపకాయ. నా కుట్టుపెట్టెలోంచి తీసిన ఎర్ర రిబ్బను దాని తొడిమకి కట్టారు. తొడిమ నుంచి ఇంకా నీరు కారుతోంది.

"మా ఇంట్లో మొదటి కాయ ఏదైనా దేవుడికే ఇచ్చేవోరు," అన్నారు. "మీ అమ్మగారి పేరున ఇద్దామనుకున్నాను. పాస్టరుగారితో రేత్రే సెప్పేను, ఆవిడ పేరు సదువుతారు."

ముఖం వెలిగిపోతోంది. వారమంతా బస్సులో, గదిలో ఇదే ఆలోచించుకుని ఉంటారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా చుట్టాలందరికీ తెలుసు. కానీ ఆ వేళ ఏమని అరుస్తాను? దేవుడికి ఎందుకు ఇచ్చారనా? అమ్మ పేరు ఎందుకు చదివిస్తున్నారనా? జడ వేసుకుని, చీర కట్టుకుని ఆయన వెనకే నడిచాను.

పాస్టరుగారు అమ్మ పేరు చదివారు. ఆ పేరు ఆ గోడల మధ్య వినడం అదే మొదటిసారి. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను కళ్లు తెరిచే ఉన్నాను, కాయనే చూస్తున్నాను. తరవాత వేలం. "లేత ఆనపకాయ, ఇంత గుండ్రటిది ఈ ఊళ్లో ఎక్కడా కాయదు," అని పాస్టరుగారు పైకెత్తి చూపించారు. నా చెయ్యి ఒళ్లోంచి లేవబోయింది. రెండో చేత్తో దాన్ని నొక్కి పట్టుకున్నాను. నర్సుగా చేసి రిటైరైన ఒక మామ్మగారు పాడుకుని, కొంగులో చుట్టుకుని వెళ్లిపోయారు.

మర్నాడు సాయంత్రం ఆవిడ స్టీలు గిన్నెతో మా ఇంటికి వచ్చారు. మా ఆయన సెలవు పెట్టి ఆ రోజు ఉండిపోయారు. "ఒక్కదాన్ని అంత కాయ ఏటి తింటానమ్మి," అన్నారావిడ. "పాలు పోసి వొండేను. గింజలు లేతగా ఉన్నాయి, అవి కూడా కూరలోనే ఏసేసినాను."

గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లి, స్టవ్ ముందు కూలబడి ఏడ్చాను. మా ఆయన వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఏటయింది? సెప్పు."

"అది విత్తనం కాయ. పాదు మీదే ఎండాలి. ఇంక గింజ లేదు. సీసాలో బూడిద తప్ప ఏమీ లేదు. ఎక్కడా లేదు."

"నాకెందుకు సెప్పలేదు?" అని అడుగుతారనుకున్నాను. అడిగితే గిన్నె విసిరేసేదాన్నే. అడగలేదు. "మీ అమ్మగారికి సంతోసం అనుకున్నాను," అన్నారు. ఆ కూర మేమిద్దరం తిన్నాం. అమ్మ వండినట్టే ఉంది, అందుకే ముద్ద కష్టంగా దిగింది. పాదుకి మళ్లీ పిందె పడలేదు. చలికి ఆకులు మాడి, క్రిస్మసుకి పందిరి మీద తీగ ఒట్టి తాడులా మిగిలింది. ఆ పందిరికే నక్షత్రం కట్టాం.

కొత్త సంవత్సరం వచ్చాక ఒక శనివారం ఆయన రాలేదు. బడిలో పని ఉందని ఫోను చేశారు. ఆదివారం మధ్యాహ్నం దిగారు, చొక్కా నిండా దుమ్ము, కళ్లు గుంటలు పడి. జేబులోంచి కాగితం పొట్లం తీసి నా చేతిలో పెట్టారు.

"మీ ఊరెల్లొచ్చేను," అన్నారు. పార్వతీపురం మీదుగా బస్సులు మారి మారి వెళ్లారట. ఆయనకి మా ఊరు పెళ్లిలో, అమ్మ పోయినప్పుడు చూసినదే. ఇల్లు గుర్తుపట్టలేక చర్చి దగ్గర అడిగారట. మా వెనకింటి ముసలావిడ పిలిచి కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, ఉట్టి మీది డబ్బా దించిందట. "'మీ అత్తగారు నాకిచ్చిన ఇత్తనమే బాబూ, నాను దాసేను' అంది. మీ అమ్మగారి పేరు పెట్టి మరీ సెప్పింది." నేను పొట్లాన్ని కళ్లకి అద్దుకున్నాను. ఇంట్లోంచి పోయిన బంగారం తిరిగి వచ్చినా అంత సంబరం ఉండదు.

వానలు పడగానే పాతాను. ఈసారి అన్నీ మొలిచాయి. పందిరి చాలక ఆయన ఇంకోటి కట్టారు. పువ్వులు విచ్చాయి, పిందెలు నిలిచాయి. నిలిచిన పిందెలు రోజురోజుకీ సాగుతూ వచ్చాయి. ఇంకో నాలుగు రోజులు చూద్దాం, బొద్దవుతుందేమో అనుకున్నాను. అవలేదు. మూరెడు పొడుగు కాయలు, సంతలో గుట్టలుగా పోసి అమ్మే కాయల్లాంటివే. పాపం, ఆ ముసలావిడకి ఏ డబ్బాలో ఏ గింజ వేసిందో గుర్తు లేకపోయి ఉంటుంది. లేక దుమ్ము కొట్టుకుని వచ్చిన అల్లుణ్ణి ఉత్త చేతులతో పంపడం ఇష్టంలేక ఇచ్చిందేమో.

మామ్మ అరుగు దిగి వచ్చి చూసింది. "ఏటమ్మి, మీయమ్మది గుండ్రం అన్నావు?"

మా ఆయన అక్కడే పందిరి తాళ్లు బిగిస్తున్నారు. "మట్టి మారింది గదా మామ్మా," అన్నాను. మామ్మ నన్ను చూసింది, ఆయన్ని చూసింది. వ్యాపారం చేసిన మనిషి, ఏ సరుకు ఏదో తెలుసు. "అవునవును, మా పుట్టింటి వంకాయ కూడా ఇక్కడికొచ్చినాక మారిపోయింది," అని అరుగెక్కేసింది. రాయగడలో నాకు దొరికిన మంచి మనుషుల్లో ఆవిడ ఒకర్తె.

ఆయనకి ఇప్పటికీ తెలియదు. మా ఊళ్లో కాయని ఆయన పాదున ఎప్పుడూ చూడలేదు. అప్పుడు కోసింది ఇంకా లేతది కాబట్టి గుండ్రంగా ఉందని ఆయన నమ్మకం. చర్చిలో అందరికీ "మా అత్తగారి ఇత్తనం" అని చెప్పి పంచుతారు. వింటుంటే ఒకప్పుడు గుండె కలుక్కుమనేది. అమ్మ కాయ ఇక ఈ లోకంలో లేదు. సాయంత్రం తెల్లపూల కింద నిలబడితే ఆ బెంగ ఇప్పటికీ వస్తుంది, దాన్ని వద్దని నేను ప్రార్థన చేయలేదు.

పోయిన శనివారం ఆయన బస్సు దిగి, సంచి కూడా పెట్టకుండా పెరట్లోకి వెళ్లారు. ఈ ఏటి మొదటి కాయ దిగింది. కింద చెయ్యి పెట్టి బరువు చూస్తున్నారు, అచ్చం నేను చూసినట్టే. రెండో చేతిలో కత్తి ఉంది, కానీ వెనక్కి దాచుకున్నారు. ఏటా ఇలాగే అడుగుతారు. ఆ కోతపండుగ నుంచీ నన్నడగకుండా మా పెరట్లో కొత్తిమీర కూడా తుంచరు.

"దీన్ని కోసేదా, ఇత్తనానికి ఉంచేదా?"

రెండో కాయని చర్చికి ఇవ్వచ్చు. ఇది సంత కాయ. సంతలో ఎప్పుడు కావాలన్నా ఈ గింజ దొరుకుతుంది. నేను ఆయన బొటనవేలు వైపు చూశాను. ఆ గోరు ఇప్పటికీ వంకరగానే పెరుగుతుంది.

"ఉంచండి," అన్నాను. "సీసాలో బూడిద అలాగే ఉంది."

"అవును, మీ అమ్మగారిది మళ్లీ పోకూడదు," అన్నారు.

"పోనివ్వను," అన్నాను.