కక్కనందుకు వచ్చిన కారు

మా అమ్మమ్మ తన కారును నాకే ఇవ్వాలనుకోవడానికి ఒకే ఒక్క కారణం ఉంది. చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో మనుమలనూ మనుమరాళ్లనూ అందరినీ అందులో కుక్కి కోరుట్ల నుంచి కొండగట్టుకు తీసుకుపోయేది. కొండ మలుపులు మొదలవగానే నా తోటివాళ్లంతా ఒక్కొక్కరే కిటికీల్లోంచి తల బయటపెట్టేవారు. కొందరికి అంత వ్యవధి కూడా ఉండేది కాదు. నేనొక్కదాన్నే చేతిలో నిమ్మకాయ పెట్టుకుని, కళ్లు మూసుకుని, పైదాకా క్షేమంగా చేరేదాన్ని.

ఏళ్ల తర్వాత ఒక పెళ్లిలో, బంతి భోజనాల దగ్గర అమ్మమ్మ అందరి ముందూ తేల్చేసింది.

"నా కారు గీ పిల్లకు. మిగిలినోళ్లంత దాంట్ల కక్కిండ్రు."

అన్నం ముందు కూర్చుని దాని మీద వాదన పెట్టుకోవాలని ఎవరికుంటుంది?

అది అంబాసిడర్. కొన్నది తాతయ్యేనట, నేను పుట్టేనాటికే ఆయన లేడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అది అమ్మమ్మ కారే. ఆమెకు డ్రైవింగ్ రాదు. స్టీరింగ్ మా మామ చేతిలో ఉండేది, కారు మాత్రం అమ్మమ్మ నోటితో నడిచేది. ముందు సీట్లో ఆయన పక్కన కూర్చుని, "బర్రె వస్తుంది, ఆగు", "గా లారీ ఎనుక ఎందుకు పోతున్నవ్‌రా, ముందట పోరాదు?", "గంత జోరెందుకు, ఏమన్న కొంపలు మునుగుతున్నయా?" అంటూ ఊరు చేరేదాకా ఆపేది కాదు. ఆమెకు ఒక్కడే కొడుకు కాబట్టి ఆ ఉద్యోగంలో మామకు సెలవు కూడా ఉండేది కాదు.

మోకాళ్ల నొప్పులతో ఆమె కారు ఎక్కలేకపోయిన రోజున మామ దాన్ని ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టి టార్పాలిన్ కప్పేశాడు. వేరే కారు కొనుక్కున్నాడు. అందులో రేడియో కూడా పెట్టడు. కిటికీలు మూసుకుని మౌనంగా పోతాడు.

అమ్మమ్మ పోయిన తర్వాత, కార్యాలన్నీ అయ్యాక, మామ తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"పాత ఇనుపోనికి ఇచ్చెయ్ బిడ్డా. గదే మంచిది."

"బాగు చేయించుకుంట మామా."

"నువ్వు కాలేజీల ఎకనామిక్స్ చెప్తవ్ గదా? గిదేనా మీరు చెప్పేది?"

షెడ్డులో టార్పాలిన్ తీస్తే వెనక సీటు మీద ఒక కోడి గుడ్లు పొదుగుతూ ఉంది. పక్కింటివాళ్లదట. ఏ కిటికీలోంచి దూరిందో గానీ, మేము తలుపు తీసినా కదల్లేదు, మావైపు కోపంగా చూసింది. పక్కింటి ఆవిడ వచ్చి, "పిల్లలు అయ్యేదాంక ఆగుండ్రి, పుణ్యముంటది," అంది. అలా నా కారు బాగుచేత కోడి ప్రసవం కోసం వాయిదా పడింది. పిల్లలు బయటికి వచ్చాక చూస్తే సీటు లోపల ఎలుకల సంసారం ఇంకొకటి బయటపడింది.

నేనుండే జగిత్యాలలో మెకానిక్కులు ఫోటో చూసి నవ్వారు. కోరుట్లలో ఒకాయన ఇంటికి వచ్చి బానెట్ ఎత్తి, మళ్లీ మెల్లగా దించి, "గీ సామాన్ ఇప్పుడు ఏడ దొరుకుతది మేడం," అని చెప్పి టీ తాగి వెళ్లిపోయాడు. చివరికి సిరిసిల్లలో ఒకాయన ఒప్పుకున్నాడు. ఎంత తొందరగా ఒప్పుకున్నాడంటే నాకు భయం వేసింది.

"పంపుండ్రి అక్కా. ఐతారం వరకు ఉరికిస్త."

కారును వ్యాన్‌లోకెక్కించి పంపించాం. ఆయన షెడ్డుకు ఒక పక్క టీకొట్టు, ఇంకో పక్క సాంచాలు నడిచే కార్ఖానా. ఆ మగ్గాల మోతలో ఫోన్ చేస్తే నాకు "ఐతారం" అన్న మాట తప్ప ఇంకేమీ వినబడేది కాదు. వానలు పోయాయి, బతుకమ్మ పోయింది, చలి వచ్చింది. ఏ ఆదివారమో ఆయన చెప్పలేదు కాబట్టి అబద్ధమాడాడనడానికీ లేదు.

నేను వెళ్లినప్పుడల్లా కారులో ఎవరో ఒకరు కూర్చుని ఉండేవారు. సాంచాల మీద పనిచేసేవాళ్లు టీ గ్లాసులతో వచ్చి వెనక సీట్లో సర్దుకుని మాట్లాడుకునేవారు. ఇంజన్ లేదు, చక్రాలు లేవు, ఇటుకల మీద నిలబడి ఉంది. అయినా ఒక పెద్దాయన నన్ను చూసి కొంచెం జరిగి, "కూసో బిడ్డా, జాగ ఉంది," అన్నాడు. నా కారులో నాకు చోటిచ్చినందుకు కృతజ్ఞతలు చెప్పి కూర్చున్నాను. టీ కూడా పోశారు.

మెకానిక్ మాటకారి, సరదా మనిషి. ఇంజన్ విప్పి కడిగి బిగించాడు. ఎక్కడెక్కడి పాత బండ్ల నుంచో సామాను తెప్పించాడు. మొదటిసారి బిగించినప్పుడు ఏదో తిరగేసి బిగించాడట, కారు స్టార్టయింది గానీ ఆగలేదు. తాళం తీసినా నడుస్తూనే ఉందని ఆయనే గర్వంగా చెప్పాడు. సీట్లకు గోధుమరంగు రెక్సిన్ అడిగితే సరేనని, గులాబీ పూల గుడ్డ కుట్టించాడు. "మా ఊరి బట్ట అక్కా. సూడుండ్రి ఎంత కళ అచ్చిందో." నేను అడగని రంగురంగుల లైట్ల తీగ కూడా డాష్‌బోర్డు చుట్టూ పెట్టాడు. తీయించాను. ఒక్కటి మాత్రం ఎక్కడి నుంచి కరెంటు వస్తుందో ఆయనకే తెలియక ఇప్పటికీ మెరుస్తూనే ఉంది.

చివరికి ఒక ఐతారం కారు నిజంగానే తయారైంది. పాలమీగడ రంగులో నిగనిగలాడుతూ ఎండలో నిలబడింది. సాంచాల వాళ్లు కూడా వచ్చి చూశారు. నేను గర్వంగా ఎక్కి స్టార్ట్ చేశాను. నేను రోజూ నడిపే కారుకు గేరు కింద ఉంటుంది, దీనికి స్టీరింగ్ పక్కన. ఒకటో గేరు అనుకుని వేసి క్లచ్ వదిలాను. కారు వెనక్కి బయల్దేరింది. టీకొట్టు బెంచీ మీదున్న నలుగురు గ్లాసులు పట్టుకుని లేచి, బెంచీ పక్కకు జరిపి, కారు ఆగాక మళ్లీ వేసుకుని కూర్చున్నారు. తిట్టినా అంత సిగ్గేసేది కాదు.

మామకు ఫోన్ చేశాను.

"నేను రాను. దాంట్ల కూసుంటెనే నా చెవులు గుయ్యిమంటయ్," అన్నాడు.

మధ్యాహ్నానికి బస్సు దిగి నడిచి వచ్చాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. తలుపు తీసి కూర్చుని గేరు మీద చెయ్యి వేశాడు. ఆ చేతికి అన్నీ గుర్తున్నాయి.

"ఎక్కు," అన్నాడు.

ముందు సీట్లో కూర్చున్నాను. పూజ చేయించాలి కాబట్టి వేములవాడ మీదుగా కొండగట్టుకు బయల్దేరాం. ఒకచోట బర్రెలు లేవు, మనుషులు లేరు, ఊరికే బ్రేకు వేశాడు.

"ఎందుకు ఆపినవ్ మామా?"

"అలవాటు," అన్నాడు.

ఇంకొంత దూరం పోయాక, "ఏదన్న మాట్లాడు బిడ్డా. మాట లేకుంటే గీ బండి నడిపినట్టనిపిస్తలేదు," అన్నాడు.

ముందు ఒక ట్రాక్టర్ గడ్డి వేసుకుని మెల్లగా పోతోంది. "గా ట్రాక్టర్ ఎనుక ఎందుకు పోతున్నవ్‌రా, ముందట పోరాదు?" అన్నాను. అమ్మమ్మ గొంతు అంత బాగా వస్తుందని నాకే తెలియదు.

మామ నావైపు చూశాడు. నేను హద్దు దాటానేమో అనుకున్నాను. ట్రాక్టర్‌ను దాటించి, కారు పక్కకు ఆపి, స్టీరింగ్ మీద తల ఆనించి నవ్వాడు. నవ్వుతూనే ఉన్నాడు. తర్వాత భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకుని, గడ్డిబండి మళ్లీ మమ్మల్ని దాటి పోవడం చూస్తూ కూర్చున్నాడు.

"అవ్వ గూడ గింత గట్టిగ అనకపోతుండె," అన్నాడు.

కొండ మీద వరసగా కొత్త కార్లు, ట్రాక్టర్లు పూజకు నిలబడి ఉన్నాయి. మా వంతు రాగానే పూజారి బండిని పైనుంచి కిందికి చూసి, "కొత్త బండేనా?" అని అడిగాడు.

"పాతదే సామీ, కొత్తగ నడుస్తుంది," అన్నాడు మామ. అమ్మమ్మ పోయాక ఆయన బయటివాళ్లతో హాస్యమాడడం నేను చూసింది అదే మొదటిసారి.

ఆ రోజు నుంచి ఆదివారాలు మామ జగిత్యాల వచ్చి నాకు ఆ కారు నేర్పుతున్నాడు. బీర్పూర్ దారిలో బండ్లు తక్కువ, అటు పోతాం. ముందుకు పోవడం బాగానే వచ్చింది. రివర్స్ మాత్రం ఇంకా నా చేతికి చిక్కలేదు, కావలసినప్పుడు పడదు. అందుకని ఎక్కడికి పోయినా ముందే ఫోన్ చేసి, మీ ఇంటి ముందు బండి తిప్పుకునే జాగ ఉందా అని అడిగి పోతున్నాను. జాగ లేనివాళ్ల ఇంటికి బస్సులో వెళ్తున్నాను.