మైదా జిగురుతో అంటించిన పాఠం

పోయిన నెల విజయవాడలో ఒక పెళ్ళిలో మా మేనమామ మనవడు ఫోను తీసి, ఉమ్ముతో డీఎన్ఏ పరీక్ష చేయించుకుంటే వచ్చిన రిపోర్టును బంధువులందరికీ చూపించాడు. మన వంశంలో ఇంకెవరి రక్తమూ కలవలేదని సైన్సే తేల్చిందట. ఏళ్ళ తరబడి నేచురల్ సైన్సు చెప్పినదాన్ని కనుక నేనూ మెచ్చుకోవాలని అందరూ నా మొహం చూశారు. అందులో ఎక్కడా అలా లేదన్నాను. ఆ తరవాత నా పక్క కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. భోజనం చెయ్యకుండానే తిరువూరు బస్సెక్కాను గానీ, కోపం మాత్రం ఇంటిదాకా నాతోనే వచ్చింది.

ఆ కోపం ఈనాటిది కాదు. నాన్న పోయాక నన్ను పెంచి, బీయీడీ దాకా చదివించి, డెబ్బైలలో తాను కమిటీ పెద్దగా ఉన్న హైస్కూల్లోనే టీచరుగా వేయించింది మా మేనమామే. బియ్యం మిల్లు ఆయనది. ఆయన మాటకు ఎదురు చెప్పడమంటే ఏమిటో మన వయసు వాళ్ళకు నేను వివరించనక్కర్లేదు.

పదో తరగతికి మానవ పరిణామం పాఠం చెబుతున్న రోజు, నల్లబల్ల మీద సుద్దముక్కతో పుర్రెల బొమ్మలు గీసి, లోకంలోని మనుషులంతా ఒకే జాతి జీవులనీ, అందరి మూలమూ ఒకటేననీ అన్నాను. మామయ్య మిల్లు గుమస్తా కూతురు లేచి, ఊరి చివర పేటలో వాళ్ళకీ మనకీ కూడానా టీచర్ అని అడిగింది. కూడానే అన్నాను. పిల్ల ఆ మాటను ఇంటికి మోసుకుపోయింది, తండ్రి దాన్ని మిల్లుకు చేరవేశాడు.

సాయంత్రం మామయ్య నన్ను నిలబెట్టి అడిగాడు. "కోతి నుంచి వచ్చామంటే నవ్వి ఊరుకునేవాణ్ణమ్మాయ్. వాళ్ళూ మనమూ ఒకటేనని చెప్పమని నిన్నెవరు అడిగారు?"

"పుస్తకంలోనే ఉంది మామయ్యా."

"పుస్తకంలో ఉన్నవన్నీ చెప్పక్కర్లేదు."

పొరపాటున చెప్పానని కమిటీకి రాసివ్వమన్నారు. రెండు లైన్లే కదమ్మా అని హెడ్మాస్టరు గారు కాగితం నా ముందుకు తోశారు. నేను పెన్ను ముట్టుకోలేదు. దాంతో నన్ను కుట్టుపని క్లాసుకు మార్చి, పదో తరగతి పుస్తకాలన్నీ తెప్పించి, మైదా ఉడికించిన జిగురుతో ఆ పాఠం పేజీలను ఒకదానికొకటి అంటించేశారు. నేను చూస్తూ ఉండాలని అక్కడే కుర్చీ వేయించారు కూడా.

ఇక మామయ్య ఇంట్లో అన్నం సహించలేదు. ట్రంకుపెట్టెతో బయటికొస్తే బజారులో ఒక ముస్లిం దర్జీ గారు తమ ముందుగది ఇచ్చారు. "మా మతం కూడా మీరు చెప్పే ఆ కోతి సంగతి ఒప్పుకోదమ్మా. దానికీ గదికీ సంబంధం లేదు, ఉండండి," అన్నారాయన.

ఓ ఆదివారం గుమస్తా కూతురు ఆ గదికి వచ్చింది. పేజీల మధ్య నీళ్ళు రాసి విడదీయబోతే అక్షరాలు సగం ఊడిపోయాయట. చిరిగిన పుస్తకం నా ఒళ్ళో పెట్టి, ఇక్కడ ఏముండేది టీచర్ అని అడిగింది. దర్జీ గారి అరుగు మీద కూర్చోబెట్టి మొదటినుంచీ చెప్పాను, ఊరి చివర పేట సంగతితో సహా. ఆ పిల్ల మళ్ళీ రాలేదు. వాళ్ళ నాన్న కొలువు మిల్లులోనే కదా. ఆ వేసవికే నేనూ వేరే ఊళ్ళో బడి చూసుకున్నాను. మామయ్య పోయేదాకా నాతో మాట్లాడలేదు. చివరి రోజుల్లో చూడ్డానికి వెళ్తే గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆయన్ను నేను క్షమించలేదు, ఇప్పుడూ క్షమించను. కానీ ఒక్క మాట ఒప్పుకోవాలి. మనిషి పుట్టుక గురించిన ఆ నాలుగు పేజీలు తన కాళ్ళ కింద నేలను లాగేస్తాయని ఆయనకు అర్థమైంది కాబట్టే భయపడ్డాడు. ఇప్పుడు అదే శాస్త్రాన్ని పెళ్ళిళ్ళలో గొప్పకు చూపించుకుంటున్నారు, ఎవరి కులం గోడకు వాళ్ళు ఇటుకలా పేర్చుకుంటున్నారు. దాన్ని చూసి భయపడే వాడు ఒక్కడూ లేడు.