నేను వేలు పెట్టిన బండి

నా చిన్నప్పుడు మా మామ ఫట్‌ఫటి బండిలో ఉన్న జబ్బును మొదట పట్టుకున్నది నేనని ఇన్నేళ్లుగా చెబుతూనే ఉన్నాను. మా బంధువుల్లో ఒక్కరూ చెవిన పెట్టలేదు. ఏ పెళ్లిలోనైనా ఆ కథ మొదలవుతుంది. నేను నోరు తెరవగానే ఎవరో ఒకరు మజ్జిగ గ్లాసు చేతికిస్తారు. అందుకే ఈసారి రాసి పెడుతున్నాను.

మేము ఆదోనిలో ఉండేవాళ్లం. అమ్మ పుట్టిల్లు ఎమ్మిగనూరు. అమ్మ తమ్ముడైన మా మామ అక్కడ మగ్గం నేసేవాడు, చీరలు అమ్మేవాడు. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వేలం వేసిన మోటారు సైకిలొకటి చేతులు మారి మారి ఆయన దగ్గరికి చేరింది. దాన్నే మేమంతా ఫట్‌ఫటి అనేవాళ్లం. అమ్మకు ఏడో నెల రాగానే ఆమెనూ నన్నూ పుట్టింటికి తీసుకుపోవడానికి మామ ఆ బండి మీదే వచ్చాడు. బస్సులో కుదుపులు ఎక్కువ, దీని మీద అక్క పూలపల్లకిలో పోయినట్టు పోతుందన్నాడు.

బయలుదేరే ముందు నన్ను పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని వీధి చివరి ఎత్తు దాకా తిప్పాడు. ఎత్తు ఎక్కుతుంటే నా తొడల కింద ఏదో దబదబ కొట్టుకుంది. బండి మోత వేరు, ఇది వేరు. మూసిన తలుపును లోపలి నుంచి ఎవరో గుద్దుతున్నట్టు ఉంది. దిగగానే చెప్పాను.

మామ నవ్వాడు. "సప్పుడు లేకుంటే అది బండెట్లయితాదిరా అల్లుడా? మా ఇంట్లో మగ్గం సప్పుడు ఆగితే మీ అవ్వ పొయ్యికాడి నుంచి లేసొచ్చి ఏమైందని అడుగుతాది."

మగ్గాల మధ్య పుట్టి పెరిగిన మనిషి. ఆయన చెవికి చప్పుడంటే పని సాగుతోందని అర్థం, అది ఆగితేనే చెడినట్టు. ఈ సంగతి నాకు పెద్దయ్యాక తెలిసింది. అప్పుడు తెలిసింది ఒక్కటే, అమ్మ ఆ బండి ఎక్కబోతోంది.

హ్యాండిలు పట్టుకుని వదల్లేదు. మామ నా వేళ్లు ఒక్కొక్కటే విడదీస్తూ, "పెద్దోళ్ల పనిలో ఏలు పెడితే ఇరుగుతాది" అన్నాడు. వీపు మీద ఒకటి వేశాడు కూడా. ఆ దెబ్బ నాకు గుర్తుంది. దారిలో షెడ్డులో చూపించి పోదామని అమ్మ అంది. నన్ను నమ్మి కాదు, నా ఏడుపు ఆపడానికి. అదీ గుర్తుంది.

స్టేషను దారిలో ఆ షెడ్డు ఉండేది. పత్తి మిల్లుల యంత్రాలు బాగుచేసే సాయిబు ఇంజను మోత విన్నాడు. మామ ఒకటి చెప్పాడు, నేను ఒకటి చెప్పాను. సాయిబు ఇంజను ఆపేయించాడు.

"సప్పుడు కాడే కదా మీ ఇద్దరికీ జగడం. సప్పుడు లేకుండానే సూస్తాం ఉండండి."

ఇంజను చల్లారేదాకా ఆగాల్సి వచ్చింది. అమ్మ నడుము పట్టుకుని బండ మీద కూర్చుంది. పొద్దు వాలకముందే ఊరు చేరాలని మామ ఒకచోట నిలబడలేకపోతున్నాడు. సాయిబు నింపాదిగా పక్క మూత విప్పి, లోపలి చైను తీసేశాడు. ఇంజనులోంచి ఇరుసు కొన ఒకటి బయటపడింది. పిస్టను ఊపుకు తిరిగే క్రాంకు ఇదేనని చూపించాడు.

"ఇది తిరగాల. పక్కలకు ఎంట్రుకంత జరిగినా తప్పు లేదు. పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు."

ఇరుసు ఇంజను గోడలోకి దూరే చోట నా బొటనవేలు పెట్టించాడు, సగం ఇరుసు మీద, సగం గోడ మీద. తర్వాత ఇరుసు కొనను పైకెత్తి వదిలాడు. కంటికి ఏమీ కనిపించలేదు. వేలి కింద మాత్రం అది లేచి పడింది.

"ఆడుతాంది" అన్నాను.

"అబద్ధం. వీనికి బస్సులో కిటికీ కాడ కూసోవాలని ఉంది" అన్నాడు మామ.

సాయిబు నా వేలు తీసి మామ వేలును అదే చోట పెట్టాడు. ఇరుసు నన్ను ఎత్తమన్నాడు. చీకట్లో కూడా మగ్గం మీద తెగిన పోగును వెతికి పట్టే వేలు మామది. నేను రెండు చేతులతో ఎత్తి వదిలాను. మామ ముఖం మారింది.

"ఇంకోసారి" అన్నాడు. ఎత్తాను. ఆయన వేలు తీయలేదు.

"దోవలో ఇది బిగుసుకుంటే ఎనక సక్రం గూడా ఆడనే బిగుసుకుంటాది. మీరు ముగ్గురూ యాడ పడతారో నాకు తెల్దప్పా" అన్నాడు సాయిబు.

మామ అమ్మ వైపు చూశాడు. ఆమె పొట్ట వైపు చూశాడు. చెమట తుడుచుకున్నాడు. ఆ తర్వాత, "పొద్దున్నే నాకు అనుమానమొచ్చింది సాయిబూ" అన్నాడు.

నేను అక్కడే నిలబడి ఉన్నాను. అమ్మా అక్కడే ఉంది. ఎవరూ కాదనలేదు. సాయిబు మీసాల్లో నవ్వుకుని, విప్పిన మరలు డబ్బాలో వేసుకున్నాడు. బండిని షెడ్డులో వదిలి బస్సెక్కాం. కిటికీ దగ్గర మామ కూర్చున్నాడు.

ఆ సాయిబు నేర్పిన పద్ధతిని మాత్రం నేను వదల్లేదు. అరిచి ఒప్పించలేనిచోట ఎదుటివాడి వేలే తీసుకుపోయి అక్కడ పెట్టాలి. బియ్యంలో రాళ్లుంటే కొట్టువాడి గుప్పిట్లోనే పోశాను. గోడకు చెమ్మ ఉంటే తాపీమేస్త్రీ అరచేతినే దానికి ఆనించాను. అందరూ ఒప్పుకున్నారు. ఈ ఒక్క విషయంలోనే వేలు పెట్టించడానికి నా దగ్గర ఏ ఇరుసూ లేదు. షెడ్డు లేదు, సాయిబు లేడు, మామా అమ్మా పోయారు.

మిగిలింది నువ్వే, చెల్లెలా. ఆ రోజు అమ్మ కడుపులో ఉన్నదానివి. పెళ్లిళ్లలో మామ గొప్ప చెప్పి అందరికంటే ముందు నవ్వేదీ నువ్వే. మామ వేలికంటే ముందు ఆ ఇరుసు మీద ఉన్న వేలు ఎవరిది? ఈసారి మజ్జిగ వద్దు. జవాబు చెప్పు.