వేలెడు జరీ కొన

పోయిన వారం పాత సామాన్లు కొనే ఆటో మా ధర్మవరం వీధిలోకి వచ్చింది. "పాత ఇనుమూ, పాత టీవీలూ, పాత కంప్యూటర్లూ" అని మైకులో ఒకటే గోల. అటక కింద దుప్పటి కప్పుకుని కూర్చున్న పాత కంప్యూటరు డబ్బాను ఈసారి పంపించేయాల్సిందేనని ఇంట్లో పిల్లలు ఎప్పుడో తీర్మానించారు. సరే, నేనూ మనసు రాయి చేసుకుని దాన్ని అరుగు మీదికి మోసుకొచ్చాను. ఆటో అతను డబ్బా మీద వేళ్ళతో టకటకా కొట్టి, "వట్టి రేకమ్మా, లోపల ఏముండాది?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఏముందో చూపిద్దామని స్క్రూడ్రైవరు తెచ్చి పక్క రేకు విప్పాను. లోపల దుమ్ము, ఆ దుమ్ములో ఫ్యాను వైరును పక్కకి లాగి కట్టిన ఎర్ర నూలుదారం, దాని ముడి, ముడి నుంచి వేలాడుతున్న వేలెడు కొన. ఆ ముడి నాదే. "ఐదు నిమిషాలు కూర్చో నాయనా, మజ్జిగ తాగు" అని అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి నేను దాని ముందు చతికిలబడ్డాను.

మా మామ, అంటే మా ఇంటాయన తండ్రి, పట్టుచీరలకు డిజైన్లు గీసేవాడు. గళ్ళ కాగితం మీద ఒక్కొక్క గడీ నింపుకుంటూ పోతే, దాన్ని చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు, ఆ అట్టలు మగ్గం పైకెక్కి చీర అంచులో హంసలూ మామిడి పిందెలూ దించుతాయి. ఆయనకు రెండు నియమాలుండేవి. ఒకటి, డిజైన్ మగ్గమెక్కేదాకా పరాయి కంట పడకూడదు. వయసులో ఉన్నప్పుడు ఒకసారి టీ అంగడి బల్ల మీద కాగితం మరిచిపోయి వచ్చాడట. మర్నాడు వెళ్ళి తెచ్చుకునేలోపలే ఆ అంచు ఇంకో వీధిలో మగ్గమెక్కిందట. రెండోది, దేనికి ముడి వేసినా కొన వేలెడు వదలాలి, పొట్టిగా కత్తిరించకూడదు. కత్తిరించి జరీ వృథా చేయకూడదని కాబోలు అనుకునేదాన్ని. జరీ తుంపులన్నీ ఆయన బిస్కెట్ల డబ్బాలో దాచేవాడు. అందులో అడుగున వాళ్ళ నాయన నాటి జరీ కూడా ఉండేది. "ఎండి జరీ అది" అని వచ్చిన వాళ్ళందరికీ చూపించేవాడు. వాళ్ళు తలూపి, వీధిలోకి పోయాక 'ముసలాయనకు వెండి జరీ అట' అని నవ్వుకునేవాళ్ళు.

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఐదారు నెలలు గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం పెడితే తినేవాడు, పలకరిస్తే పలికేవాడు, అంతే. ఆ రోజుల్లోనే హిందూపురంలో ఫ్యాక్టరీలో పనిచేసే మా తమ్ముడు, వాళ్ళ ఆఫీసులో పక్కన పెట్టేసిన కంప్యూటరును అడిగి తెచ్చి మా ఇంట్లో పెట్టాడు. పాత ప్రాణం గదా, మామూలు సిస్టం మోయలేదని అందులో లినక్స్ ఎక్కించాడు. "లోకంలో యాడాడోళ్ళో కలిసి చేసి ఊరికే ఇచ్చినారు మామా" అంటే, మామ ఆ మంచం మీద నుంచే, "ఊరికే ఇచ్చేటోళ్ళు ఎవురబ్బా ఈ కాలంలో?" అన్నాడు. చాలా రోజులకు ఆయన నోటి నుంచి వచ్చిన పెద్ద మాట అదే.

నేను పదో తరగతి చదివినదాన్ని. మా ఇంటాయన వారంలో నాలుగు రోజులు చీరల మూట వేసుకుని బెంగళూరు అంగళ్ళ చుట్టూ తిరుగుతాడు. కాబట్టి ఆ యంత్రానికి డాక్టరూ నర్సూ ఆయా అన్నీ నేనే అయ్యాను. ప్రింటరును గుర్తుపట్టించడానికి రెండు వారాలు పట్టింది. తెలుగు అక్షరాలు పెట్టెలు పెట్టెలుగా కనపడితే ఫోనులో వెతికి, ఎవరో పుణ్యాత్ములు రాసిపెట్టినవి చూసి, నల్లటి తెర మీద ఒక్కో అక్షరం కొట్టి బాగుచేశాను. కానీ నేను నిజంగా గర్వపడింది ఒక్కదానికే. మౌసును ఎడమచేతి వాటానికి మార్చడం నా అంతట నేనే కనుక్కున్నాను. ఆ రోజు మామను కుర్చీలో కూర్చోబెట్టి, ఎడమచెయ్యి దాని మీద పెట్టి, "నొక్కు మామా" అన్నాను. తెర మీద ఒక గడి నల్లబడింది. ఆయన ఇంకోటి నొక్కాడు. ఇంకోటి. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

అప్పటి నుంచి రోజూ సాయంత్రం నాలుగు కొట్టేసరికి చేతికర్ర టకటకలాడించుకుంటూ వచ్చి కూర్చునేవాడు. గంటకు అరవరస నిండితే ఎక్కువ. ఏం గీస్తున్నాడో మొదట్లో తెలియలేదు. తర్వాత చూస్తే చెనక్కాయ, అదే వేరుశెనగ తీగ! ఆయన పుట్టింది నల్లమాడ దగ్గర మెట్ట పొలాల్లో. పైన చిన్న పువ్వు, పువ్వు నుంచి ఊడ కిందికి దిగి, అంచు అడుగున కాయ. పట్టుచీర మీద చెనక్కాయలేంది మామా అంటే, "అన్నం పెట్టింది అదే గదా పాపా" అన్నాడు. రెండేళ్ళు గీశాడు. ఆ రెండేళ్ళ పని ఆ డబ్బాలో తప్ప ఇంకెక్కడా లేదు. ఆయన బతుకు దాని మీదే నిలబడి ఉందని ఇంట్లో అందరికీ తెలుసు.

అలాంటి డబ్బా ఒక సోమవారం చచ్చిపోయింది. ఆన్ చేస్తే ఫ్యాను రెండు చుట్లు తిరిగి ఆగిపోతుంది. పదిసార్లలో ఒకసారి కొంచెం ముందుకు పోయి, నల్లతెర మీద తెల్లక్షరాలు చూపించి, టప్పున ఆరిపోతుంది. తప్పు నాదేననుకున్నాను. ఎందుకంటే శనివారం 'అప్‌డేట్ చేయమంటారా' అని అది అడిగితే, పెద్ద తెలిసినదానిలా చేయమని నొక్కింది నేనే. తమ్ముడికి ఫోను చేస్తే తెర మీది అక్షరాలు చదవమన్నాడు. అవి ఆరిపోయేలోపు చదవడం నా తరమా? మామ గళ్ళ పుస్తకం తెచ్చుకుని, ఆన్ చేసినప్పుడల్లా కనపడినన్ని ఇంగ్లీషు అక్షరాలు గడికొకటి రాసుకున్నాను. రెండు పుటలు నిండాయి. వాడు అవి విని అది కొట్టు, ఇది కొట్టు అంటాడు. నేను సగం కొట్టేసరికి ఆరిపోతుంది. ఆ రోజు నాలుగింటికి మామ వస్తే, "కరెంటు లేదు మామా" అన్నాను. సరిగ్గా అప్పుడే పక్కింటి మిక్సీ గర్రుమంది. మామ ఆ గోడవైపు చూసి, నావైపు చూసి, వెనక్కి తిరిగాడు. రెండో రోజూ అదే చెప్పాను. మూడో రోజు ఆయన అడగలేదు, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నాలుగో రోజు పొద్దున్నే డబ్బాను దుప్పటిలో చుట్టి, ఒళ్ళో పండబెట్టుకుని హిందూపురం రైలెక్కాను. పెనుకొండలో ఎక్కిన ఒకామె తన గంప ఎత్తి నేరుగా దాని మీద దించబోయింది. నేను వేసిన కేకకు పెట్టెలో వాళ్ళందరూ తిరిగి చూశారు. పక్కన కూర్చున్న సాయిబు తాత ఆమె గంప తన కాళ్ళ దగ్గర పెట్టించి, "ఏమ్మా, పసిబిడ్డ మాదిరి పట్టుకున్నావే, ఏముండాది అందులో?" అన్నాడు. "మా మామ" అనబోయి నాలుక కరుచుకున్నాను.

తమ్ముడి ఇంట్లో మంచం మీదే పండబెట్టి వైర్లు తగిలించి మీట నొక్కితే, మొదటి దెబ్బకే లేచి కూర్చుంది. ఏ రోగమూ లేదు. చెనక్కాయ తీగ తెర నిండా నవ్వుతోంది. వాడు అరగంట అన్నీ పరీక్షించి, "దీనికేం కాలేదక్కా, మీ ఇంట్లో కరెంటు సరిగ్గా లేదేమో. ఎందుకైనా మంచిది, ఒక కాపీ తీసి నా దగ్గర పెట్టుకుంటా" అన్నాడు. నేను చప్పున మౌసు లాక్కున్నాను. డిజైన్ మగ్గమెక్కలేదు, ఇల్లు దాటకూడదు. వాడి ముఖం మాడిపోయింది. "నేనేమన్నా దొంగనా అక్కా?" అన్నాడు. కాదురా, అది మామ నియమంరా అంటే వినడే. వాళ్ళు పెట్టిన అన్నం కూడా సగం తిని, నాలుగు గంటలకు ఇంట్లో ఉండాలని రైలుకు పరుగెత్తాను. ఇప్పుడు తలచుకుంటే నా తల నేనే మొత్తుకోవాలనిపిస్తుంది.

ఇంటికొచ్చి, దాని చోట దాన్ని నిలబెట్టి, మామను పిలవకముందే ఒకసారి చూద్దామని నొక్కాను. ఫ్యాను రెండు చుట్లు తిరిగింది. లోపల చిటుక్కుమంది. పట్టుపోగు కాలిన వాసన వచ్చింది. మళ్ళీ నొక్కడానికి నాకు చెయ్యి రాలేదు. రెండేళ్ళ తీగ కాలిపోయిందనే అనుకున్నాను. వెనక నుంచి చేతికర్ర చప్పుడు. ఇక అబద్ధం చెప్పే ఓపిక లేదు. నేల మీద కూర్చుని అంతా చెప్పేశాను, అప్‌డేట్ నుంచి హిందూపురం దాకా. "పాడు చేసింది నేనే మామా" అన్నాను.

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. డబ్బాను పైనుంచి కిందిదాకా చూశాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "ఆడ పనిచేసింది, ఈడ చేయలేదు. ఆడ ఎట్ల పెట్టినారు దాన్ని?"

"మంచం మీద పండబెట్టినాం మామా."

"ఈడ నిలబెట్టినావు. మగ్గం మొండికేస్తే ముందు పోగు ముట్టుకోకూడదు పాపా, మగ్గం ఎట్ల నిలబడిందో చూడల్ల. పక్క రేకు ఇప్పు."

విప్పాను. నాకు వైర్లూ దుమ్మూ తప్ప ఏమీ కనపడలేదు. మామ చూపు కూడా మసకే. కానీ ఆయన వంగి, తల ఇటూ అటూ తిప్పి, ఎడమచేతి వేలు చాచాడు. "అది మన జరీ గదా?"

అప్పుడు గుర్తొచ్చింది. అంతకు ముందు వారం ఫ్యాను రెక్కకు వైరు తగిలి గరగరమంటుంటే, వైరు పక్కకి కట్టమని తమ్ముడు ఫోనులో చెప్పాడు. నేతగాళ్ళ ఇంట్లో ఏది ఊడినా చేతికందిన పోగుతోనే గదా కడతాం. బిస్కెట్ల డబ్బాలోంచి ఒక జరీ తుంపు లాగి, ముడేసి, కొన వేలెడు వదిలాను. అప్‌డేట్ గురించి వందసార్లు తలచుకున్నదాన్ని, ఆ ముడి గురించి ఒక్కసారీ తలచుకోలేదు. పండబెడితే ఆ కొన దూరంగా ఒరిగిపోతోంది. నిలబెడితే ఫ్యాను గాలికి ఊగి మెమరీ చిప్పు కింది సూదుల మీద వాలి కరెంటును అడ్డదారిన పంపుతోంది.

జరీ తీసేసి, ఎర్ర నూలుదారంతో కట్టి, నిలబెట్టాను. మామ నా భుజం పట్టుకుని నిలబడ్డాడు. నొక్కాను. ఫ్యాను తిరిగింది, తిరుగుతూనే ఉంది. నల్లతెర మీద తెల్లక్షరాలు వచ్చాయి. ఇన్నిసార్లు అర్ధంతరంగా ఆరిపోయింది కాబట్టి డిస్కును చూసుకుంటున్నానని చెప్పి, నూటికి నాలుగు, నూటికి ఏడు అని నత్తలా నడిచింది. నూటికి అరవై దగ్గర ఆగింది. మామ వేళ్ళు నా భుజంలో దిగిపోయాయి. నేను తెలిసిన దేవుళ్ళందరినీ తలచుకున్నాను. పెనుకొండ రైల్లో తాత మొక్కే దేవుణ్ణి కూడా వదల్లేదు. అరవై ఒకటి అయింది. తర్వాత గబగబా వంద. తీగ వచ్చింది, పువ్వూ ఊడా కాయా, ఒక్క గడీ చెదరలేదు.

మామ కుర్చీలో కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. పక్షవాతం వచ్చాక ఆయన నవ్వు వంకరగా ఉండేది, ఆ రోజు అదే అందంగా ఉంది. వెంటనే ఫోను చేస్తే తమ్ముడు, "ఇప్పటి ప్లాస్టిక్ జరీ అయింటే ఏమీ కాకుండె అక్కా, లోహం కాబట్టి కరెంటు పారింది" అంటే, మామ ఫోను లాక్కుని, "ఇన్నావా, ఎండి! మా నాయన ఎండి జరీ!" అని అరిచాడు. రాగి అయినా పారుతుంది మామా అని వాడు గొణిగాడు గానీ ఆయన వినిపించుకోలేదు. తర్వాత గొంతు తగ్గించి, "రేపు వచ్చి కాపీ తీసుకో నాయనా. నీ దగ్గర పెట్టుకో" అన్నాడు. బతుకంతా పట్టుకున్న నియమాన్ని అంత తేలిగ్గా వదిలేశాడు. మర్నాడు తమ్ముడు సెలవు పెట్టి వచ్చాడు. నాతో మాత్రం రెండు పూటలు మాట్లాడలేదు.

తమ్ముడు కాపీ తీసిన సాయంత్రమే, ఇంక నాకు ఈ కొనల పాఠం చాలని, నూలుదారం కొన కత్తిరించబోయాను. మామ కత్తెర మీద చెయ్యి పెట్టాడు. "వద్దు పాపా. ఎప్పుడో ఒకప్పుడు ఎవురో ఇప్పల్ల గదా ఆ ముడి. వాళ్ళ చేతికి కొన చిక్కల్ల."

ఆటో అతను మజ్జిగ తాగేసి గ్లాసు పక్కన పెట్టాడు. ఎర్రదారం కొన పట్టుకుని ఒక్క లాగు లాగాను, ఇన్నేళ్ళ ముడి చేతిలోకి జారింది. దారం కొంగున కట్టుకుని, డబ్బాను తీసుకుపొమ్మన్నాను. మామ పోయేనాటికి తీగ చివర కొన్ని వరసలు మిగిలాయి. అవి నేనే నింపాను, ఎడమచేత్తో. మౌసును కుడిచేతికి మార్చడానికి మనసొప్పలేదు. తీగను ఎక్కించుకున్న ఇప్పటి కొత్త కంప్యూటర్లో కూడా అది ఎడమవైపే ఉంటుంది, ఎందుకని పిల్లలు అడిగితే అలవాటైపోయిందంటాను. కాలం ఆయన కుడిచేతిలోంచి లాక్కున్న పనిని ఎడమచేతికి ఇచ్చిందని ఆనాడే కళ్ళారా చూశాను, ఆ ఎడమచేతిలోంచి తీసుకున్నది నా చేతిలో పెట్టి పోయిందని తెలియడానికి మాత్రం ఇన్నేళ్ళు పట్టింది.