బర్రె తన్నిన కాలికి కోడ్ నంబరు

ఆ రోజుల్లో డిగ్రీ పాసై ఖాళీగా కూర్చున్న పిల్ల ఒకతి ఇంట్లో ఉంటే ఊళ్లో ఎవరికీ నిద్ర పట్టేది కాదు. బస్సు కండక్టరు, కిరాణా కొట్టాయన, గొర్రెలు తోలుకుపోతూ మా చిన్నాయన, అందరిదీ ఒకటే ప్రశ్న: "ఇగ ఏం జేస్తవ్ బిడ్డా?" నేను సూర్యాపేటలో బీఎస్సీ చదివాను. కప్పను కోసి లోపల ఏమేమున్నాయో చెప్పగలను గానీ, ఆ తెలివికి జీతమిచ్చేవాళ్లు ఎక్కడ దొరుకుతారో చెప్పలేను. మా నాయనకు మాత్రం ఏ అనుమానమూ లేదు. నేను మిర్యాలగూడలో బీఎడ్ చేయాలి, టీచరమ్మను కావాలి. ఆ సంగతి ఊరందరికీ చెప్పేశాడు, మిగిలింది మా గొర్రెల మంద ఒక్కటే (దానికీ చెప్పి ఉంటాడు). నాకేమో పిల్లల గుంపును చూస్తే పారిపోవాలనిపించేది. ఇప్పటికీ అనిపిస్తుంది, నాకు ఇద్దరున్నా సరే.

అట్లాంటి సమయంలో కోదాడలో ఒక చెప్పుల దుకాణం పైన మెడికల్ కోడింగ్ నేర్పిస్తున్నారని నా స్నేహితురాలు చెప్పింది. అమెరికాలో డాక్టర్లు రాసిన రోగుల కాగితాలు మన దగ్గరికి వస్తాయట. వాటిని చదివి ఏ జబ్బుకు ఏ నంబరో, ఏ వైద్యానికి ఏ నంబరో వేయాలి. ఆ నంబర్లు చూసి అక్కడి ఇన్సూరెన్సు వాళ్లు బిల్లు కడతారు. మనిషిని తాకక్కర్లేదు, పిల్లలకు పాఠం చెప్పక్కర్లేదు. దేవుడు నా కోసమే పెట్టిన కొలువు అనిపించింది. నాయన ముందు మూడు రోజులు అన్నం మానేసి (అమ్మ చాటుగా పెట్టింది) ఆయనను ఒప్పించాను. ఒప్పుకున్నాడు గానీ గడువు పెట్టాడు. "బీఎడ్ కౌన్సెలింగ్ దాకా సూస్త. గంతలకు నౌకరి దొరికెనా మంచిదే. దొరకలే అనుకో, ఇగ నోరెత్తకుండ మిర్యాలగూడ బస్సెక్కాలె."

కోర్సు అయిపోయింది. ఇటుకంత లావు కోడ్ల పుస్తకం సంకన పెట్టుకుని, బంద్‌లు లేని రోజు చూసుకుని హైదరాబాద్ వెళ్లి కంపెనీల చుట్టూ తిరిగాను. ఎక్కడికి వెళ్లినా ఒకటే మాట, ఎక్స్‌పీరియన్స్ ఉందా? ఒకచోట గేటు దగ్గర వాచ్‌మన్ కూడా అదే అడిగాడు. లేకపోతే లోపలికి పంపొద్దన్నారట. ఎవరూ ఉద్యోగం ఇవ్వకపోతే ఆ ఎక్స్‌పీరియన్స్ ఎక్కడ మొలుస్తుందో అడుగుదామనుకున్నాను గానీ, పాపం ఆయన్ను అడిగి ఏం లాభం?

తిరుగు బస్సులో ముక్కు చీదుకుంటూ వచ్చి, ఇంటికి వెళ్లే ముఖం లేక మునగాలలోనే దిగిపోయాను. అక్కడ హైవే పక్కన, ఒక డాబా హోటల్‌కూ ఎరువుల దుకాణానికీ మధ్య, మా మామ దవాఖాన ఉండేది. మామ అంటే అమ్మకు తమ్ముడు, ఆరెంపీ డాక్టరు. నా ఏడుపంతా విని ఆయన పకపకా నవ్వాడు. "ఎక్స్‌పీరియన్సే గద కోడలా? గదెంత పని! నా దగ్గర రోగులకేమన్న కరువా? రేపు పొద్దుగాల్ల నుంచి గీడనే కూసో. వచ్చినోల్లకు వచ్చినట్టు నీ నంబర్లు ఏసుకో."

మామ దవాఖానలో ఒక పద్ధతి ఉండేది. రోగి వచ్చి స్టూలు మీద కూర్చుంటాడు. "జరమా, నొప్పులా?" అంటాడు మామ. జవాబు వచ్చేసరికి సూది దిగిపోయి ఉంటుంది. మాటలు తక్కువ, మందు ఎక్కువ. మరునాడు నేను ఆ స్టూలు పక్కన ఇంకో స్టూలు వేసుకుని, పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మా పుస్తకం మామ లాంటిది కాదు. దెబ్బ తగిలిందంటే సరిపోదు దానికి. ఏ పక్క తగిలింది, ఎట్లా తగిలింది, ఎక్కడ తగిలింది, అప్పుడు మనిషి ఏం చేస్తున్నాడు, అన్నీ కావాలి. మొదట వచ్చింది ఒక ముసలవ్వ.

"ఏమైందవ్వా?"

"బర్రె తన్నింది బిడ్డా."

"ఏ కాలు?"

అవ్వ కాసేపు ఆలోచించింది. "ఎనక కాలు."

"బర్రెది కాదవ్వా, నీ కాలు."

"గట్ల అడుగు మరి!" అని కుడికాలు చాపింది.

"యాడ తన్నింది? ఇంట్లనా, బయటనా?"

"కొట్టంల."

"అప్పుడు నువ్వేం జేస్తున్నవ్?"

"బర్రె కాడ పొద్దుగాల్ల ఏం జేస్తరే? పాలు పిండుతున్న!" అని నా చదువు మీద జాలిపడి, అక్కడి నుంచి అసలు కథ మొదలుపెట్టింది. కోడలు చెప్పకుండా దూడను ముందే విడిచిందట, అందుకే బర్రెకు కోపం వచ్చిందట, కోడలికి తనంటే మొదటి నుంచీ పడదట. కోడలికి నంబరు ఉందేమోనని పుస్తకంలో వెతికాను. దొరకలేదు. సూది వేయించుకుని వెళ్తూ అవ్వ నా తల నిమిరింది. "గింత మంచిగ నన్ను ఎవరడిగిన్రు బిడ్డా!"

ఆ మాట మరునాటికి చుట్టుపక్కల ఊళ్లకు పాకింది. మునగాల దవాఖానలో కొత్తగా ఒక పిల్ల వచ్చింది, అన్నీ అడుగుతుంది అని. జనం మామను దాటి నా స్టూలు దగ్గరికే వచ్చేవాళ్లు. గట్టు మీద జారిపడినవాళ్లు, పొట్టేలు పొడిచినవాళ్లు, ట్రాక్టరు దిగబోయి కాలు బెణికినవాళ్లు, ఏ రోగమూ లేక నాతో మాట్లాడదామని వచ్చినవాళ్లు. క్యూ డాబా దాకా పోయేది. నాలుగు రోజులు ఓర్చుకుని మామ చేతులు జోడించాడు. "కోడలా, నీకు దండం పెడత. నువ్వు అడుగుడు అయ్యేలోపట ఎన్క లైన్ల ఉన్నోల్లకు జరం గదే తగ్గిపోతంది. సూది అద్దనుకుంట ఇంటికి పోతున్రు. ఇగ నా గతేంది?" అయినా వెళ్లగొట్టలేదు. మంచివాడు. నెలన్నర కూర్చోనిచ్చాడు.

కౌన్సెలింగ్ ఇంకో రెండు రోజులుందనగా, హైదరాబాద్‌లో నేను కాగితాలిచ్చి వచ్చిన ఒక చిన్న కంపెనీ నుంచి పరీక్షకు పిలుపు వచ్చింది. నాయన బీఎడ్‌కు సర్టిఫికెట్లన్నీ జెరాక్స్ తీయించి తయారుగా పెట్టాడు. నేను ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెళ్లాను. ఒక చార్టు, అంటే డాక్టరు రాసిన రోగి కాగితం, ఇచ్చారు. చికాగోలో ఒక ముసలామె కింద పడి మోకాలికి దెబ్బ తగిలించుకుంది. అంతే ఉంది అందులో. చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇట్లాంటి అవ్వలను ఎంతమందిని చూడలేదు! టకటకా రాసేశాను. మోకాలి దెబ్బకు నంబరు, జారిపడ్డందుకు నంబరు, పడిన చోటు పొలం అని ఇంకో నంబరు, పడినప్పుడు చేస్తున్నది వ్యవసాయం అని మరొకటి.

కళ్లద్దాల మేడం ఒకావిడ నా కాగితం చూసి, కృష్ణా జిల్లా యాసలో నెమ్మదిగా అడిగింది. "ఏమ్మా, ఈ చికాగో మామ్మగారు పొలానికి ఎప్పుడెళ్లిందమ్మా?"

"మా దగ్గర ఆ వయసోల్లు పడితే గట్టు మీదనే పడతరు మేడం," అన్నాను. నోటి నుంచి మాట దాటాక గానీ నాకు తెలియలేదు నేనేం చేశానో.

ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకునేంత నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "ఇక్కడ మన ఊహలతో పని లేదు. డాక్టరు రాస్తే ఉన్నట్టు, రాయకపోతే లేనట్టు," అని కాగితం పక్కన పెట్టేసింది. నాకు కళ్ల ముందు మిర్యాలగూడ బస్సు కనిపించింది. ఇక పోయేదేముందని మామ దవాఖాన సంగతంతా ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ అంతా విని, "మరి రోగి సరిగ్గా చెప్పకపోతే ఏం చేసేదానివి?" అంది.

"మళ్లీ అడిగేదాన్ని మేడం. చెప్పేదాకా లేవనిచ్చేదాన్ని కాదు."

ఆవిడ ఏమనుకుందో, ఇంకో చార్టు నా ముందుకు తోసింది. మోకాలికి ఇంజెక్షన్ ఇచ్చారు. చదివాను. మళ్లీ చదివాను. ఏ మోకాలో డాక్టరు ఎక్కడా రాయలేదు. రోగి ఎదురుగా కూర్చుని ఉంటే ఒక్క మాటలో తేలిపోయేది కదా అని నా నోరు దురద పెట్టింది. ఈసారి మాత్రం నోరూ ఊహా రెండూ మూసుకుని, ఆ ఖాళీని ఖాళీగానే వదిలి కింద రాశాను: కుడి కాలో ఎడమ కాలో డాక్టరు గారిని అడగాలి. మేడం అది చూసి, "చాలామంది కుడి అని వేసేస్తారమ్మా, ఎవరు చూడొచ్చార్లే అని," అంది. సోమవారం నుంచి ట్రైనీగా రమ్మంది.

బయటికొచ్చి నాయనకు ఫోన్ చేశాను. నేను చెప్పిందంతా మళ్లీ ఒకసారి చెప్పించుకున్నాడు. "గాల్ల రోగాలకు నువ్వు నంబర్లేస్తే పైసలిస్తరా?" అన్నాడు చివరికి. ఇస్తారన్నాను. "మంచిగ సూసి ఎయ్యి బిడ్డా. పరాయి దేశపోల్లు, పరేషాన్ కావద్దు," అన్నాడు. ఆ గొంతులో టీచరమ్మ పోయిన బాధ కొంచెం, గర్వం చాలా వినిపించాయి. నేను ఆ రోడ్డు మీదే నిలబడి ఏడ్చాను.

అప్పటి నుంచి ఎన్ని మోకాళ్లు, ఎన్ని నడుములు నా చేతుల మీదుగా పోయాయో లెక్క లేదు. ఒక్క మనిషి ముఖమూ చూడలేదు. సందేహం వస్తే డాక్టరుకు రెండు లైన్లు రాయడం తప్ప రోగిని పలకరించే పని నాకు లేదు. అప్పుడప్పుడు ఏదో ముసలామె చార్టు ముందుకొస్తుంది. ఎట్లా పడిందో, ఇంట్లో ఎవరు లేపారో, కోడలితో ఏం గొడవో తెలుసుకోవాలని మనసు పీకుతుంది. నంబరు వేసి పక్కకు జరుపుతాను. ఆ నెలన్నరా స్టూలు మీద కూర్చుని అప్పటి నాలోని ఆ పిల్ల ఒకటే బెంగపడేది, ఇదంతా జీతం లేని పని అని. పిచ్చిమొద్దు! నాకిప్పుడు నెలనెలా జీతం వస్తుంది. వెళ్తూ వెళ్తూ తల నిమిరేవాళ్లు మాత్రం ఎవరూ లేరు.