మొక్కు పుంజు కోసం బోథ్ దాకా

మా ఇంట్లో కోళ్ల విషయంలో రెండు పార్టీలున్నాయి. నేను కరీంనగర్‌లో చికెన్ సెంటర్ నడుపుతాను, అంటే కోస్తాను. మా అల్లుడు శ్రీధర్ పశువుల డాక్టరు. నాటుకోళ్ల జాతులు అంతరించిపోకుండా చూసే సర్కారు పథకంలో పనిచేస్తాడు, అంటే కాపాడతాడు. నేను కోసింది అతను వంక పెట్టకుండా తింటాడు కాబట్టి ఇన్నేళ్లుగా గొడవల్లేవు.

ఈ ప్రయాణం అతని ఫోనుతో మొదలైంది. బోథ్ దగ్గరి ఒక ఊళ్లో సక్కుబాయి అనే ఆమె కోళ్లు కొక్కెర రోగంతో వారం రోజుల్లో ఊడ్చిపెట్టుకుపోయాయి. ఒక పుంజు, రెండు పెట్టలు మిగిలాయి. పెట్టలు నీరసపడి లేచాయి గానీ, పుంజుకు తుమ్ము కూడా రాలేదట.

"రోగాన్ని తట్టుకునే గుణం దాని జాతిలనే ఉండొచ్చు మామా. దాని విత్తనం తీసి గడ్డకట్టించి దాస్తే, ముందుముందు గసొంటి పిల్లల్ని పుట్టియ్యొచ్చు" అన్నాడు.

"మరి తియ్యరాదు?"

"ఆదివారం దాన్ని పోచమ్మకు కోస్తుండ్రు. గంతల్నే పోవాలె. కోడిని పట్టెటోడు ఒకడు కావాలె. మా ఆఫీసుల అందరు కోళ్ల మీద పేపర్లు రాసెటోళ్లే, పట్టెటోడు ఒక్కడు లేడు."

చికెన్ సెంటర్‌కు ఆదివారం అంటే దసరా. అయినా అల్లుడు అడిగితే కాదనే మామ మా జిల్లాలో ఇంకా పుట్టలేదు. తమ్ముడికి కత్తి అప్పగించి శుక్రవారం పొద్దున ఆరింటికి అల్లుడితో కలిసి నిర్మల్ బస్సెక్కాను.

అల్లుడి చేతిలో ద్రవ నత్రజని డబ్బా ఉంది. చూడ్డానికి పాల క్యాను తమ్ముడిలా ఉంటుంది. కండక్టరమ్మ దాని ముందు ఆగింది.

"అండ్ల ఏమున్నది సారూ?"

"ఇప్పుడైతే ఉత్త చలి తప్ప ఏం లేదమ్మా. వచ్చేటప్పుడు పుంజు విత్తనం ఉంటది."

ఆమె టికెట్ మిషన్ ఎత్తింది. "పుంజుదైతే టికెట్ పడ్తది. పెట్టదైతే ఫ్రీగ పోతుండె" అంది. బస్సులో ఆడవాళ్లందరూ ఆధార్ కార్డులు పట్టుకుని నవ్వారు. టికెట్లు కొన్న మగవాళ్లం మాత్రం పెద్దగా నవ్వలేదు.

జగిత్యాలలో పది నిమిషాలు ఆపారు. చాయ్ బాగుంది, బజ్జీ నిన్నటిది. అక్కడ ఎక్కిన ఒక ముసలాయన డబ్బాను చూడగానే గుర్తుపట్టాడు. బర్రెలకు ఎద సూది వేసేవాళ్ల దగ్గర ఇలాంటివే ఉంటాయి మరి.

"బర్లకా?"

"కోళ్లకు తాతా."

"కోళ్లకు గూడ సూదేనా? మరి పుంజులేం పని చేస్తయి?"

ఆ ప్రశ్న అడగకుండా ఉండాల్సింది. అల్లుడు మొదలుపెట్టాడు. ఫారం కోడికి గుడ్డు పెట్టడమే తప్ప పొదగడం తెలియదు, నాటు పెట్టకు ఆ గుణం పోలేదు. ఊళ్లోకి సంకరజాతి పుంజు వచ్చిందంటే నాలుగైదు తరాల్లో అసలు జాతి ఏదో ఎవరికీ తెలియకుండా పోతుంది. అందుకే ఇప్పుడే దాచాలి. ముసలాయన మెట్‌పల్లిలో దిగాల్సినవాడు, ఈ ఉపన్యాసానికి నిద్రపోయి ఆర్మూర్‌లో లేచాడు. దిగుతూ మమ్మల్ని కాదు, కోళ్లను తిట్టాడు.

నిర్మల్‌లో భోజనం చేసి బోథ్ బస్సు పట్టుకున్నాం. ఘాట్ మీద మలుపులు మొదలయ్యాక డబ్బా మూత సందులోంచి తెల్లటి పొగ రావడం మొదలైంది. వెనక సీటులోంచి ఎవరో "బాంబు గిట్లనా" అన్నారు. డ్రైవర్ టేకు చెట్ల మధ్య బస్సు ఆపేశాడు. చలి పొగే తప్ప మరేం కాదని అల్లుడు మూత తీసి చూపించాడు. అంతా చెయ్యి పెట్టి చూస్తామని లేచి వచ్చారు. వద్దు, వేళ్లు కాలినట్టు అయిపోతాయని ఆపడానికి నా గొంతు పనికొచ్చింది. ఆదివారం క్యూలను అదుపు చేసిన గొంతు అది.

బోథ్ నుంచి ఆటోలో ఊరు చేరేసరికి పొద్దుగూకుతోంది. సక్కుబాయికి నలభై అయిదు దాటి ఉంటాయి. పత్తి మీద వచ్చేది ఆమె భర్తది, కోళ్ల మీద వచ్చేది ఆమెది. ఆ సొమ్ముతోనే బిడ్డను ఆదిలాబాద్‌లో నర్సింగ్ చదివిస్తోంది. ఇప్పుడు ఆ సొమ్ము మూడు ప్రాణాలకు చేరింది.

పుంజు గడపలోనే నిలబడి మమ్మల్ని చూసింది. నల్లటి ఒళ్లు, మెడ మీద ఎర్రటి ఈకలు, ఒంటి మీద ఊరంత గర్వం. బరువెంత ఉంటుందో, ఎంతకు పోతుందో నా మనసు నన్నడక్కుండానే లెక్కేసింది. అలవాటు ఎక్కడికి పోతుంది?

"దీన్ని కోస్తే పెట్టలు గుడ్లు పెడ్తయి గని పిల్లలు రావక్కా" అన్నాడు అల్లుడు.

"ఎర్కే సారూ" అందామె. "ఒక్కొక్కటి తలకాయ వాల్చి సస్తుంటే పానం ఆగలే. ఉన్నయన్న బతికితే పుంజునిస్తనని మొక్కిన. మొక్కేటప్పుడు గింత ఆలోచన లేకుండె."

"అమ్మవారికి ఇంకోటి ఇయ్యరాదు చెల్లె?" అన్నాను.

"పేరు వెట్టి మొక్కిన అన్నా. మాట తప్పితే ఉన్న రెండు పెట్టలు గూడ పోతయేమో." పుంజును ఒళ్లోకి తీసుకుని మెడ నిమిరింది. "కొయ్య బుద్ధయితలేదు. దీన్ని గుడ్డుల నుంచి ఎల్లినకాడి నుంచి సాదిన" అంది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి.

కోళ్లు చావకూడదని, ఉన్న ఒక్క పుంజునూ చంపడమేమిటని నేను లోపల నవ్వుకున్నాను. తర్వాత అల్లుడి డబ్బా కనబడి ఆ నవ్వు ఆపుకున్నాను; బతికించడానికని గడ్డకట్టించే మేమూ తక్కువేం కాదు.

రాత్రి జొన్నరొట్టె, పప్పు. కోడి కూర వండనందుకు ఆమె పదిసార్లు నొచ్చుకుంది. ముందు గదిలో నేను, అల్లుడు, డబ్బా పడుకున్నాం.

శనివారం పని మొదలైంది. ఈ దారిలో వచ్చేవారి కోసం చెబుతున్నాను, పుంజు దగ్గర విత్తనం తీయడం అంటే బతిమాలడమే. ఒకరు ఒళ్లో పట్టుకోవాలి, ఇంకొకరు వీపు మీద నుంచి తోక దాకా మెల్లగా నిమరాలి. దానికి ఇష్టమైతే ఒకటి రెండు చుక్కలిస్తుంది. ఇష్టం లేకపోతే ఇంకేదో ఇస్తుంది.

నేను పట్టుకున్నాను. పుంజు రాయిలా బిగుసుకుపోయింది. నా చేతుల్లో ఏ వాసన తెలిసిందో గానీ కన్ను ఆర్పకుండా నా మొహమే చూసింది. అల్లుడు నిమిరాడు, బుజ్జగించాడు, ఇంగ్లీషులో కూడా ఏదో చెప్పాడు. పొద్దటి నుంచి సాయంత్రం దాకా నాలుగు సార్లు ప్రయత్నిస్తే నాలుగు సార్లూ అతని అంగీయే పాడైంది. సక్కుబాయి రెండు అంగీలు ఉతికి ఆరేసింది.

"రోజూ నిమిరి అలవాటు చెయ్యాలె మామా. వారం పడ్తది" అన్నాడు దిగులుగా.

"పోచమ్మ వారం ఆగదు అల్లుడా."

ఆదివారం తెల్లవారగానే సక్కుబాయి తనే పుంజును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "పోయెటప్పుడన్న జర మంచిగ సూసుకుందాం" అని నాలుగు జొన్నలు తినిపించింది. అల్లుడు వెనక నుంచి నిమిరాడు. పుంజు కళ్లు అరమోడ్చింది. చిన్న గాజు గొట్టంలో తెల్లటి చుక్కలు పడ్డాయి.

అల్లుడు చిన్న మైక్రోస్కోప్ అరుగు మీద పెట్టి చూశాడు. "ఉరుకుతున్నయి మామా, మస్తుగ ఉరుకుతున్నయి" అన్నాడు. పెళ్లినాడు కూడా అతని మొహం అంత వెలగలేదు. సక్కుబాయి కూడా కన్ను పెట్టి చూసింది.

"ఇండ్ల నా పుంజేది సారూ?"

దానికి అల్లుడి దగ్గర జవాబు ఉంది గానీ చాలా పొడుగు. ఏదో ద్రవంలో కలిపి, సన్నటి గొట్టాల్లో నింపి, చల్లబరిచి, డబ్బాలోకి దించాడు. మా పని అయిపోయింది. పుంజు పని ఇంకా ఉంది.

పది గంటలకు పోచమ్మ గద్దె దగ్గరికి వెళ్లాం. పూజ చేసే మల్లయ్య పుంజు మీద పసుపు నీళ్లు చల్లాడు. ఇక్కడి పద్ధతి ప్రకారం నీళ్లు పడగానే కోడి ఒళ్లు విదిలించాలి. విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. అంతదాకా కత్తి ఎత్తకూడదు.

పుంజు విదిలించలేదు. మల్లయ్య మళ్లీ చల్లాడు. అది మత్తుగా ఒక కాలు ముడుచుకుని నిలబడింది. మూడోసారి చెంబు మొత్తం గుమ్మరించాడు. తడిసిన పుంజు ఆవులించినట్టు నోరు తెరిచి మూసింది. పొద్దున అంత సేపు నిమిరించుకున్నాక ఏ ప్రాణికైనా ఆ మాత్రం బద్ధకం ఉంటుంది.

"గీ పుంజును ఎవ్వలన్న ముట్టిండ్రా?" అన్నాడు మల్లయ్య.

సక్కుబాయికి అబద్ధం రాదు, ఉన్నది చెప్పింది.

మల్లయ్య తువ్వాల దులిపి భుజం మీద వేసుకున్నాడు. "అమ్మకియ్యకముందే సర్కారుకిచ్చినవా? ఎంగిలైంది. ఎంగిలి కోడిని అమ్మ ముట్టది. అమ్మ వద్దన్నదాన్ని మనుషులు గూడ కొయ్యద్దు, తినద్దు. ఇంకోటి తే."

సక్కుబాయి అక్కడే కూలబడి ఏడ్చింది. మొక్కు చెడింది, పెట్టలు చస్తాయి, బిడ్డ చదువు ఆగుతుంది, అన్నీ ఒక్క ఏడుపులో వచ్చాయి. అల్లుడి మొహం పాలిపోయింది. నేను నాకు తెలిసిన పని చేశాను. ఆటో ఎక్కి బోథ్ వెళ్లి చికెన్ దుకాణం వెతికాను.

"నాటుకోడేనా?" అని దుకాణదారుణ్ణి అడిగాను.

"పక్కా నాటు కాకా" అన్నాడు. ఆ మాట నేనూ రోజూ అంటాను కాబట్టి ఎదురు ప్రశ్న వేయలేదు.

ఎర్ర పుంజు, చూడ్డానికి బాగానే ఉంది. గద్దె దగ్గరికి తేగానే అల్లుడు కాళ్లు చూశాడు, జుట్టు చూశాడు, నా చెవిలో గొణిగాడు: "ఇది నాటుది కాదు మామా. సంకరం. మా సర్కారు ఫారం నుంచి ఊర్లకు పంచినమే, అదే."

"మరి చెప్తవా?"

అతను నోరు తెరిచేలోపే మల్లయ్య నీళ్లు చల్లాడు. ఎర్ర పుంజు తల నుంచి తోక దాకా ఒళ్లంతా విదిలించింది, మా మీద కూడా నాలుగు చుక్కలు పడ్డాయి. "ఒప్పుకున్నది" అన్నాడు మల్లయ్య. డోలు మోగింది. ఊరందరి ఎదుట పరీక్ష పాసైన ఆ కోడిని నాటుది కాదనే ధైర్యం మా అల్లుడికి లేదు. ముప్పై ఏళ్లుగా ఫారం కోళ్లతో బతుకుతున్న నాకు అసలే లేదు.

సక్కుబాయి కళ్లు తుడుచుకుని, తడిసిన పుంజును కొంగులో చుట్టుకుని ఇంటికి నడిచింది. రెండు రోజుల నుంచి బరువెక్కి ఉన్న నా గుండె కూడా తేలికైంది. కోడి బతికినందుకు సంతోషపడడం నా వృత్తికి అంత మంచిది కాదు, అయినా పడ్డాను.

మధ్యాహ్నం కూర తిని బయల్దేరాం. అల్లుడు రెండు ముక్కలు వేయించుకుని "మా ఫారందే, మంచిగ ఎదిగింది" అని మెచ్చుకున్నాడు.

ఈ దారిలో రావాలనుకునేవారికి నా సలహాలు ఇవి. నిర్మల్ దాటాక తాగునీళ్లు దగ్గర పెట్టుకోండి. ఘాట్ మీద పొగ వచ్చే సామాను మూతలు బిగించుకోండి. ఊళ్లో ఏదైనా మంచి పుంజు కనబడితే దాన్ని కాపాడే శాస్త్రంతోపాటు దాన్ని కొయ్యనివ్వని పద్ధతి ఏమైనా ఉందేమో కూడా కనుక్కోండి. మా యాత్రలో రెండోదే ముందు పనిచేసింది.

ఆర్మూర్ దాటాక పక్క సీటులోని ఆమె డబ్బా సంగతి విని, "అండ్ల ఉన్నయి బతికే ఉన్నయా సారూ?" అని అడిగింది.

"కరగబెట్టినంక గని తెల్వదమ్మా" అన్నాడు అల్లుడు. "కోళ్లయి గడ్డకడ్తె సగం చస్తయి. ఒక్కోసారి అన్ని చస్తయి." ఈసారి ఉపన్యాసం లేదు. అలసిపోయి ఉన్నాడు.

కోరుట్ల దగ్గర నా ఫోను మోగింది. సక్కుబాయి.

"అన్నా, గీ పుంజుతోని ఏం జెయ్యాలె? అమ్మకు వద్దాయె, మేం తినద్దాయె. అమ్ముదమంటే ఎంగిలిదని ఎవ్వలు కొంటలేరు."

"ఏం చెయ్యకు చెల్లె, ఉండనియ్యి."

అవతల ఆమె నవ్వు వినబడింది, ఆ మూడు రోజుల్లో మొదటిసారి.

"ఉండుడంటే ఊకె ఉంటలేదన్నా. పొద్దు మల్లిన కాడికెల్లి రెండు పెట్టల ఎంటనే తిరుగుతున్నది."