అయిదో అంతస్తులో తయారైన పెట్టె

గనిలో కప్పు కూలి నడుం విరిగినప్పటి నుంచి జుమాగాలి ఆ అయిదో అంతస్తు దిగలేదు. బొగ్గు గనుల ఊరు కరగండలో అలాంటి అయిదంతస్తుల ఇళ్లకు లిఫ్టులుండవు. కింది ఇంటికి మార్చమని యూనియన్‌ని అడిగితే చూస్తామన్నారు, చూస్తూనే ఉన్నారు. భార్య బల్జాన్ రొట్టెల దుకాణంలో పనికి పోయాక, వంటింటి కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో కూర్చుని గనిలోంచి తోడిపోసిన రాళ్ల గుట్ట మీది పొగను చూస్తూ పొద్దుపుచ్చేవాడు.

ఒకనాడు, గనిలో అతనితో ఒకే షిఫ్టు చేసిన సాబిట్ చంకలో ఇనుప పళ్లెం లాంటిదొకటి పెట్టుకుని వచ్చాడు. దాని నిండా పాత రేడియోల్లో ఉండేలాంటి గాజు వాల్వులు, తీగలు. కార్మికుల క్లబ్బులో వాయించడానికి అతను సొంతంగా కట్టుకున్న గిటార్ ఆంప్లిఫయర్ అది.

"ముట్టుకుంటే కరెంటు కొడుతోందన్నా. ఊరికే కూర్చున్నావుగా, దీనికో పెట్టె చేసిపెట్టు."

"ఊరికే కూర్చోవడం నాకు ముచ్చటనుకున్నావా?" అన్నాడు జుమాగాలి. అన్నాడే గాని, కళ్లు అప్పటికే కొలతలు తీస్తున్నాయి.

చెక్క కోసం బట్టల అలమరా తలుపులు ఊడదీశాడు. బల్జాన్ చూసి, "రేపు నా తలదిండు కూడా కోస్తావా ఏంటి?" అని సణుగుతూనే జిగురు కాచిపెట్టింది. రెండు చేతుల వేళ్లు పెనవేసినట్టు మూలలు కోసి అతికించాడు. తీరా ఆన్ చేస్తే లోపల వేడెక్కి జిగురు కంపు కొట్టింది. వెనక పలక తీసేసి, పైన సందులు కోశాడు. నల్ల రెక్సిన్ తొడిగి, పాత సూట్‌కేసు పిడి బిగించాడు. సాబిట్ తీగ మీటగానే ఇల్లంతా గుయ్యిమంది. చప్పుడు ఆపమని కింది ఇంటివాళ్లు, ఇళ్లను వెచ్చబరిచే రేడియేటర్ గొట్టాన్ని గరిటెతో బాదారు. చాలాకాలానికి జుమాగాలి నవ్వాడు.

"క్లబ్బులో ఎలా మోగుతుందో వినాలిరా."

"మోసుకుపోతాంగా. ముందు పెట్టె, తర్వాత నువ్వు."

కచేరీ రోజున బల్జాన్ అతనికి తెల్ల చొక్కా తొడిగి, టోపీ పెట్టింది. సాబిట్, అతనితో వాయించే బృందంలోని మిగతావాళ్లు కలిసి పెట్టెను దించారు. "గోడకు తగలనీకండ్రా" అన్న కేకలు మెట్ల మీంచి వినిపించాయి. ఆ తర్వాత కింద బస్సు కదిలిన చప్పుడు. వస్తారనుకుని అతను టోపీ తీయలేదు. చాలాసేపు చూసి బల్జానే దాన్ని తీసి మేకుకు తగిలించింది.

మర్నాడు సాబిట్ వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. "డ్రైవరు ఆగనన్నాడన్నా. పెట్టెను మాత్రం అందరూ మెచ్చుకున్నారు."

"దానికి గీత కూడా పడకుండా దించారు కదరా."

 సాబిట్ కుర్చీ ముందు వీపు పెట్టి గొంతుక్కూర్చున్నాడు. "ఎక్కు."

రొప్పుతూ, ఆగుతూ దించి వాకిట్లో బెంచీ మీద కూర్చోబెట్టాడు. మంచు మీద బొగ్గు మసి పేరుకుని ఉంది. చీపురు పట్టుకున్న ఒక ముసలామె ఆగి, "ఈ ఇంట్లోకి కొత్తగా వచ్చావా నాయనా?" అని అడిగింది.

"లేదమ్మా. ఎప్పట్నుంచో ఇక్కడే ఉన్నా."

క్లబ్బుకు పోదామా అని జుమాగాలి అంటే, ఇవాళ తాళం వేసుంటుందన్నాడు సాబిట్. కాసేపటికి చలికి జుమాగాలి పళ్లు టకటకా కొట్టుకున్నాయి. ఇక ఎక్కాల్సిందే. నాలుగో అంతస్తు మలుపులో సాబిట్ అతన్ని వీపు మీంచి మెట్టు మీదికి దించాడు. ఇద్దరూ గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకున్నారు. మళ్లీ కిందికి దించడానికి వస్తానని సాబిట్ అనలేదు. జుమాగాలీ అడగలేదు.